గోడలో నాలుగు రైలు పట్టాలు

"నిచ్చెన దించవే నెరెయిదా."

"దించను."

"పిల్లలు పొద్దుట్నుంచీ సరిగ్గా తినలేదు."

"రొట్టె తెచ్చుకున్నా. నీళ్ళు తెచ్చుకున్నా. వాళ్ళు దొడ్డికి కూర్చునే కుండ కూడా పైకి తెచ్చుకున్నా వదినా. వారం రోజులైనా ఉంటా. నీ సుత్తులూ గునపాలూ పట్టుకుని రా, చూస్తా."

ఇదాల్మిస్ తల పైకెత్తి అటక అంచు వంక చూసింది. ఆడబిడ్డ మొహం కనబడటం లేదు. కవల పిల్లల పాదాలు మాత్రం చెక్క అంచు దాటి వేలాడుతున్నాయి. మూడేళ్ళ పసివాళ్ళు. అమ్మ నిచ్చెన పైకి లాగేసుకోవడం, అత్త కింద నిలబడి బతిమాలడం వాళ్ళకి మహా సరదాగా ఉంది. ఒకతి కాళ్ళు ఊపితే రెండోది కూడా ఊపుతోంది.

ఆ కాళ్ళు ఊగినప్పుడల్లా ఇదాల్మిస్ చూపు గోడ మీదికి పోతోంది. అటక బరువంతా ఆ గోడలోకి దూరిన నాలుగు రైలు పట్టాల మీద ఉంది. గురువారం నాడు పక్క భవనంలో గోడలు చూసుకుంటూ తిరుగుతుంటే వాటి అవతలి కొసలు ఆమె కంటపడ్డాయి. నిన్న భోజనాల దగ్గర ఆ మాట ఇంట్లో చెప్పింది. చెప్పడమే పాపమైపోయింది.

పక్కది మూడంతస్తుల పాత భవనం. అయిదేళ్ళుగా ఖాళీ. వీధి వైపు గోడ నిండు చూలాలి పొట్టలా ముందుకు వచ్చింది. దాన్ని కూల్చడానికి వచ్చిన ముఠాలో ప్లాను రాసే మనిషి ఇదాల్మిసే. ఏది ముందు తీయాలి, ఏది తర్వాత, ఎక్కడ ఊతం పెట్టాలి, ఎవరు ఎక్కడ నిలబడకూడదు, అన్నీ ఆమె రాసి సంతకం పెట్టాకే మొదటి ఇటుక కదలాలి. కూల్చే గోడని ఆనుకుని అవతల ఏముందో రాయడానికి ఆ ప్లానులో ఒక పేజీ ఉంది. ఆ ఒక్క పేజీ తప్ప మిగతా అంతా రాసేసింది.

"మహాతల్లి ఇంకా చూస్తోంది గోడ వంక," అంది అత్తగారు జెనాయిదా, ఊగే కుర్చీలో ఊగకుండా కూర్చుని. "హవానాలో గోడలన్నీ కూల్చేసింది. ఇక మొగుడి ఇంటి గోడే మిగిలింది పాపం."

"కూల్చేది మన గోడ కాదు అత్తా. పక్కవాళ్ళది."

"దాన్ని పట్టుకునేగా మన అటక నిలబడింది? నువ్వే చెప్పావు."

"అందుకే రాయాలంటున్నా."

"రాస్తే ఏమవుతుందో చెప్పు. నీ నోటితో నువ్వే చెప్పు, అది కూడా వింటుంది పైనుంచి."

ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. చెప్పాల్సిన పనీ లేదు. సెంత్రో హవానాలో కప్పులు ఎత్తు గనక ఎవరికి వాళ్ళు గది మధ్యలో అటక వేసుకుని, ఒక గదిని రెండు చేసుకుంటారు. ఏ కాయితంలోనూ ఏ అటకా ఉండదు. కాయితాల్ని నమ్మితే ఈ పేటలో జనం సగమే. లేని అటక ఒకసారి కాయితం ఎక్కిందంటే ఇళ్ళ శాఖవాళ్ళు వచ్చి తీయించేస్తారు. అందులో ఉన్నవాళ్ళని ఆశ్రయ శిబిరానికి పంపుతారు.

"మన వీధి లూర్దెస్ వాళ్ళని శిబిరంలో ఆర్నెల్లే అన్నారు," అంది జెనాయిదా. "పదిహేడేళ్ళయింది. దాని కూతురికి పదిహేనో ఏటి పండగ ఆ శిబిరంలోనే చేశారు, వరండాలో, అరవైమంది బట్టలు ఆరేసుకున్న తాళ్ళ కింద. నా మనవరాళ్ళకి కూడా అదే రాత రాస్తావా? వాళ్ళ అయ్య ఎటో పోయాడు, ఏడాదైంది, ఫోను కూడా లేదు. ఇప్పుడు గూడు కూడా పీకేస్తావా?"

పైన కాళ్ళు ఊగడం ఆగింది. నెరెయిదా పిల్లల్ని లోపలికి లాక్కున్నట్టుంది.

మూల స్టూలు మీద కూర్చుని ఓస్మానీ ఉడికిన మలంగా దుంపలకి చెక్కు తీస్తున్నాడు. బేకరీలో తెల్లవారుజాము వంతు ముగించుకుని వచ్చాడు, మోచేతుల దాకా పిండి ఇంకా అలాగే ఉంది. తల్లీ పెళ్ళామూ పోట్లాడుకుంటుంటే అతనికి ఎప్పుడూ ఏదో ఒక దుంప దొరుకుతుంది.

"ఏమయ్యా, నువ్వయినా చెప్పు," అంది ఇదాల్మిస్.

ఓస్మానీ కత్తి ఆపాడు. "లోపల్నుంచి నాలుగు దుంగలు నిలబెడతా. అటకకి దన్నుగా. కర్టెను కట్టేస్తే ఎవరికీ కనబడదు. నువ్వు రాయొద్దు, వాళ్ళు చూడొద్దు."

"దేని మీద నిలబెడతావు?"

"గచ్చు మీద."

"గచ్చు కింద ఏముంది?"

"దూలాలు."

"నూటపదేళ్ళ కర్ర దూలాలు. వాటి కింద కింది వాళ్ళ ముసలాయన మంచం. ఊతం అంటే నేల దాకా పోవాలయ్యా. పై అంతస్తు దుంగ కింద సరిగ్గా కింది అంతస్తు దుంగ రావాలి. కింది వాళ్ళకి చెప్పకుండా వాళ్ళ గదిలో ఎలా పెడతావు? అటక పడకుండా ఆపబోయి గచ్చు కూలగొడతావు. అప్పుడు రెండు కుటుంబాలు శిబిరానికి పోతాయి, పోవడానికి మనుషులు మిగిలితే."

"అశుభం మాటలు మాట్లాడకు," అంది అత్తగారు.

"అశుభం మాటలతోనే అత్తా నా ఉద్యోగం. అవతల ఏడుగురు మగాళ్ళు నడుముకి తాళ్ళు కట్టుకుని, పైనుంచి ఒక్కో ఇటుక వరసా తీసుకుంటూ దిగుతారు. పట్టాల కొసల్ని నొక్కిపెట్టి ఉంచుతున్నది వాటి పైనున్న గోడ బరువే. ఆ బరువు తీసేస్తే ఇటు అటక కిందికి గుంజుతుంది, అటు కొసలు పైకి లేస్తాయి. వాళ్ళ మొహాల మీద లేస్తాయి. వాళ్ళకి అది తెలియాలా వద్దా? మా ముఠాలో రిగోబెర్తో వాళ్ళన్న ఎలా పోయాడో మీరంతా వెళ్ళి ఏడ్చి వచ్చారుగా? అవతల ఏమీ లేదని ఎవడో కాయితంలో రాశాడు. వెళ్ళి చూడకుండా రాశాడు. నేను చూసి కూడా రాయకపోతే నన్నేమనాలి?"

బాల్కనీ కింద వీధిలో ఉల్లిపాయలమ్మే అతను అరుచుకుంటూ పోయాడు.

జెనాయిదా కుర్చీలోంచి ముందుకు వంగింది. గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు తగ్గించిందంటే ఆ ఇంట్లో అందరికీ భయం.

"అన్నీ రాస్తావన్నమాట."

"రాస్తాను."

"అయితే ఆ పట్టాలు అవతలి గోడలోకి దూర్చమన్నది ఎవరో కూడా రాయి పిల్లా."

ఓస్మానీ చేతిలో దుంప జారి గిన్నెలో పడింది.

ఈ మాట వస్తుందని ఇదాల్మిస్‌కి గురువారం నుంచీ తెలుసు. ఆ ఇనుప కొసలు చూడగానే అవి ఎవరి మాట మీద అక్కడికి వచ్చాయో గుర్తొచ్చింది. పందొమ్మిదేళ్ళ కిందట, పెళ్ళయిన మూడో నెల. తను సాంకేతిక పాఠశాలలో రెండో ఏడాది, అన్నీ తెలుసనుకునే వయసు. మామగారు మూతపడ్డ చక్కెర మిల్లు నుంచి రైలు పట్టాలు బండి మీద వేసుకొచ్చాడు. ఇంటి గోడ ఒంటి ఇటుక మందం, ఆ బరువు ఆపదు. కొత్త కోడలు సుద్దముక్కతో గోడ మీద నాలుగు సున్నాలు చుట్టింది. "మన గోడలో ఆపొద్దు మామయ్యా. అవతలి గోడ దాకా పోనివ్వండి. అది మూరెడు మందం, మన మనవలు పోయేదాకా కదలదు," అని చెప్పింది. చదువుకున్న కోడలని మామగారు మురిసిపోయి పేటంతా చెప్పుకున్నాడు. అవతల అప్పట్లో ఉండే దర్జీ ఆవిడ, గోడలోంచి పొడుచుకొచ్చిన ఇనుప కొసలకి కుట్టిన గౌన్లు తగిలించుకుంది. ఎవరికీ ఏ ఇబ్బందీ లేకుండా పోయింది, ఇన్నేళ్ళూ.

"నువ్వా వదినా?"

నెరెయిదా తల అటక అంచు మీదికి వచ్చింది. పట్టాలు పెట్టిన నాటికి ఆమెకి పదేళ్ళు. ఎవరు ఏం చెప్పారో ఆమెకి తెలియదు.

"నేనే," అంది ఇదాల్మిస్. "నేను గీసిన సున్నాల మీదే పందొమ్మిదేళ్ళుగా మీరంతా పడుకుంటున్నారు. గోడ ఉన్నంతకాలం బాగానే ఉంది. ఇప్పుడు ఆ గోడ పోతోంది. మనం తీయకపోయినా అది తనంతట తనే పోతుంది, లోపల తేమ పట్టి పిండిలా రాలుతోంది. నా కళ్ళతో చూశాను."

"అమ్మ ఇదంతా కాయితాల గొడవ అంది."

"కాయితాల గొడవైతే నేనూ మీ అమ్మతో కలిసి అబద్ధం ఆడేదాన్నే."

నెరెయిదా చాలాసేపు తల్లి వంక చూసింది. జెనాయిదా చూపు తిప్పుకుంది. తర్వాత నిచ్చెన కాళ్ళు గచ్చు మీద ఠక్కుమని ఆనాయి.

"పిల్లల్ని దించుతున్నా. నీ మీద జాలిపడి కాదు," అంది నెరెయిదా ఒక్కో పిల్లనీ చంకలో వేసుకుని దిగుతూ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "పందొమ్మిదేళ్ళు నోరు మూసుకున్నావు. నేను పెళ్ళి చేసుకుని ఆ అటక మీదికి కాపురానికి ఎక్కిన నాడు కూడా చెప్పలేదు."

"అప్పుడు అది తప్పని నాకూ తెలీదు."

"ఇప్పుడెక్కడ కూర్చోమంటావు మమ్మల్ని? వీధిలోనా?"

"వంటగదిలో కూర్చుని వాళ్ళకి తినిపించు. అక్కడిదాకా అటక రాదు. ఈ గదిలోకి ఎవరూ రావద్దు."

నెరెయిదా ఉడికిన మలంగా గిన్నె అన్న ముందునుంచి లాక్కుని, పిల్లల్ని తోలుకుని వంటగదిలోకి పోయింది. తలుపు ధడాలున మూసింది. ఆ చప్పుడుకి కిటికీ రెక్కలు కూడా అదిరాయి.

ఎవెలియో అప్పుడే వచ్చాడు.

ఆయన ముఠాకి పెద్ద. అరవై దాటాయి, మోకాలు నొప్పి, మెట్లెక్కితే గుమ్మంలోనే ఒక నిమిషం ఆగి గాలి పీల్చుకోవాలి. జెనాయిదా ఆయన్ని చూడగానే లేచి, తన పెళ్ళినాటి బంగారు అంచు కప్పులో కాఫీ పోసి ఇచ్చింది. ఆ కప్పులో కోడలికి ఇంతవరకూ ఒక్కసారి కూడా పోయలేదు.

"ఎంత మంచి కాఫీ జెనాయిదా గారూ! మా ముఠాకి ఇలాంటిది దొరికితే భవనాలు వాటంతటవే పడిపోతాయి," అన్నాడు ఎవెలియో. తర్వాత ఇదాల్మిస్ వైపు తిరిగాడు. "సంతకం అయిందా కామ్రేడ్?"

"ఒక పేజీ మిగిలింది."

"ఏ పేజీయో నాకు తెలుసు. నిన్న నేనూ ఆ గదిలోకి వెళ్ళాను. ఆ కొసలు చూశాను. ఇటు ఎవరి ఇల్లుందో లెక్క వేసుకున్నాను." కప్పు జాగ్రత్తగా బల్ల మీద పెట్టాడు. "నేను చూడలేదనుకో. నువ్వూ చూడలేదనుకో."

జెనాయిదా మొహం వెలిగింది. "చూశావా? పెద్దమనిషి మాట విను."

"గోడ ఎవరు దింపుతారు, మీరా?" అంది ఇదాల్మిస్.

"నేను దింపినన్ని గోడలు నువ్వు చూసి కూడా ఉండవు. ఆ కొసల దగ్గరికి వచ్చేసరికి కుర్రాళ్ళని మెల్లగా చెయ్యమంటాను."

"దేని గురించి మెల్లగానో చెప్పకుండా మెల్లగా చెయ్యమంటారా?"

ఎవెలియో నవ్వలేదు. "ఇదాల్మిస్, నేను రాక్షసుణ్ణి కాదు. వీధి వైపున్న ఆ ముందు గోడ రోజురోజుకీ ముందుకొస్తోంది. పొద్దున ఏడున్నరకి బడిపిల్లలు దాని కింద నుంచే పోతారు. నువ్వు ఆ పేజీలో అటక అని రాస్తే ఇళ్ళ శాఖ రావాలి, ఇల్లు ఖాళీ చేయించాలి, ఊతాలకి కలప రావాలి. ఎన్ని వారాలు? అయిదు? ఆరు? మే వానలు అంతదాకా ఆగుతాయా? ఆ గోడ బడిపిల్లల మీద పడితే ఎవరి తల్లికి వెళ్ళి చెప్పమంటావు నన్ను?"

ఆ మాటలో నిజం ఉంది. ఇదాల్మిస్‌కి ఆయన మీద కోపం వచ్చింది సగం అందుకే.

"మూడో పేజీ చదివారా మీరు?"

"తిప్పి చూశాను."

"తిప్పి చూడటం కాదు. వీధికి రెండు కొసలా కంచె వెయ్యమని రాశాను. ముందు గోడకి రెండు వరసల ఊతాలు కట్టమని రాశాను. దానికి రెండ్రోజులు చాలు. పిల్లల్ని వెనక వీధిలోంచి పంపమని రాశాను. అప్పుడు పట్టాలున్న పక్క గోడకి ఎన్ని వారాలైనా టైముంటుంది."

"వీధి మూస్తే బస్సు ఆగిపోతుంది. పైవాళ్ళు ఒప్పుకోరు."

"వాళ్ళు ఒప్పుకోకపోతే గోడ ఆగుతుందా? మీ పైవాళ్ళకి బస్సు కావాలి, మీకు బుధవారానికల్లా పని అయిపోవాలి, మా అత్తకి అటక కావాలి, మా ఆయనకి గొడవ వద్దు. అందరూ కలిసి నన్ను ఒక్క పేజీ ఖాళీగా వదిలెయ్యమంటున్నారు. ఆ ఖాళీలో వేలాడేది ఏడుగురు మనుషులు. నేను వదలను."

"వదలకపోతే నేను చెప్తా," అంది జెనాయిదా. "అయ్యా, అసలు ఆ పట్టాలు అక్కడ పెట్టించింది..."

"మీరు ఆగండి అత్తా."

ఇదాల్మిస్ సంచిలోంచి ప్లాను తీసింది. బల్ల మీద కాఫీ కప్పు పక్కకి జరిపి, ఖాళీ పేజీ తెరిచి, నిలబడే రాసింది. రాస్తూ పైకి చదివింది, ఇంట్లో ఎవరూ వినలేదనడానికి వీల్లేకుండా.

"గోడని ఆనుకుని అవతల అటక ఒకటి. రైలు పట్టాలు నాలుగు, కూల్చబోయే గోడలోకి దూర్చినవి. నివసించేవారు ఒక స్త్రీ, ఇద్దరు పిల్లలు. వారిని ఖాళీ చేయించి, కరెంటూ గ్యాసూ తీసివేసి, నేల దాకా ఊతాలు పెట్టి, పట్టాలు కోసి తీసిన తర్వాతే గోడ మీద చెయ్యి వెయ్యాలి. అంతవరకు ఆ గోడకి రెండు వైపులా ఎవరూ ఉండరాదు." పెన్ను ఒక్క క్షణం ఆగింది. "పట్టాలు పెట్టించినవారు, ఇదాల్మిస్ వెగా. అంటే నేను."

ఓస్మానీ లేచి నిలబడ్డాడు.

ఎవెలియో కాయితం తన వైపు తిప్పుకుని రెండుసార్లు చదివాడు. కళ్ళజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. నిజంగానే బాధపడుతున్నట్టు కనబడ్డాడు.

"ఎంత పని చేశావే పిల్లా."

"నిజమే రాశాను."

"నిజమే. తన పనిని తానే తనిఖీ చెయ్యడానికి వీల్లేదు. ఆ నియమం నువ్వు కుర్రాళ్ళ చేత వల్లె వేయిస్తావు. ఈ గోడలో నీ పని ఉంది. అంటే ఈ ప్లాను మీద నీ సంతకం చెల్లదు." ఆ ఒక్క పేజీని మెల్లగా విడదీశాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. "మధ్యాహ్నం రెండింటికి వేరే ముఠాలో ప్లాను రాసే మిరెయా వస్తుంది. ఈ పేట మొహం ఎరగదు. దానికి కొత్త పేజీ ఇస్తాను. అవతల ఏమీ లేదని నేను చెప్తే రాసేస్తుంది."

"ఎవెలియో గారూ!"

"నీ పేరు ఎవరికీ చూపించను. అంతకంటే నేను చెయ్యగలిగింది లేదు." జెనాయిదాకి నమస్కారంగా తల వంచి, మోకాలు పట్టుకుంటూ మెట్లు దిగిపోయాడు.

జెనాయిదా ఊగే కుర్చీలో వెనక్కి వాలింది. గెలిచిన మనిషిలా లేదు. "పోనీలే. ఇక నీ చేతుల్లో లేదు. దేవుడు చూసుకుంటాడు."

"వదిలెయ్ ఇదాల్మిస్," అన్నాడు ఓస్మానీ. "నువ్వు చెయ్యాల్సింది చేశావు."

తను చెయ్యాల్సింది చేసిందట! ఇదాల్మిస్‌కి ఒళ్ళు మండిపోయింది. నిజం రాసినందుకే నిజం చెప్పే హక్కు పోయింది. సంతకం పోయింది. సోమవారానికి ఉద్యోగం కూడా ఉండకపోవచ్చు. అయితే ఇంకా గొంతు ఉంది, ఆ గొంతు గురించి పేటలో అందరికీ తెలుసు.

ఆమె బాల్కనీ తలుపులు రెండూ బార్లా తెరిచింది.

ఎండ మండిపోతోంది. పక్క భవనం కప్పు మీద రిగోబెర్తో, మిగతా ఆరుగురూ తాళ్ళు సర్దుకుంటున్నారు. ఎదుటి మేడ మీద ఒకావిడ తాడు కట్టిన బుట్టని పైకి లాగుతోంది. కింద అరుగు మీద డొమినో ఆట. ఎవెలియో అప్పుడే వీధిలోకి వచ్చాడు.

"రిగో!" అని అరిచింది ఇదాల్మిస్. "రిగోబెర్తో! అందరూ వినండి!"

డొమినో ముక్కల చప్పుడు ఆగింది.

"మీరు దిగబోయే గోడలో నాలుగు రైలు పట్టాలున్నాయి. మా ఇంటి అటకవి. పెట్టించింది నేనే. దాని మీద ఇద్దరు పిల్లలు పడుకుంటారు. రెండింటికి మీకొచ్చే కాయితంలో అవతల ఏమీ లేదని ఉంటుంది. నమ్మకండి. ఆ గోడ మీద కాలు పెట్టకండి!"

"లోపలికి పో!" అని వీధిలోంచి అరిచాడు ఎవెలియో. "ఆవిడకి ఇప్పుడు ఈ పనితో సంబంధం లేదు! రెండింటికి పని మొదలు!"

వెనక గదిలో అత్తగారు మొహం కప్పుకుంది. "పోయింది. వీధి వీధంతా విన్నది. ఇళ్ళ శాఖవాళ్ళు సాయంత్రానికే వస్తారు."

కప్పు మీద రిగోబెర్తో కదల్లేదు. తర్వాత నడుముకున్న బెల్టు విప్పాడు. దాన్ని చేత్తో పట్టుకుని కాసేపు చూసి, కిందికి వదిలేశాడు. అది ఎవెలియోకి రెండు బారల దూరంలో రోడ్డు మీద పడింది.

"మా అన్న పోయిన రోజు కూడా కాయితంలో అదే మాట ఉంది," అన్నాడు పైనుంచి. "నువ్వెక్కు ఎవెలియో."

రెండో బెల్టు పడింది. మూడోది పడింది. ఎదుటి మేడ మీది ఆవిడ బుట్ట తాడు వదిలేసి చప్పట్లు కొట్టింది. ఇదాల్మిస్ బాల్కనీ కమ్మీ గట్టిగా పట్టుకుంది. గురువారం తర్వాత మొదటిసారి ఆమెకి గుండె నిండా గాలి ఆడింది.

"రిగో, పోయే ముందు ఒక్క పని!" అంది. "మొన్న గోడ మందం చూడ్డానికి నేను తవ్వించిన కన్నాలు మూడున్నాయి, వెనకవైపు, మెట్ల పక్కన. తల ఎత్తులో. అవి సిమెంటుతో పూడ్చెయ్యండి. వాన తడి లోపలికి పోకూడదు."

"ఎక్కడ తవ్వించావు?"

అడిగింది ఓస్మానీ. ఎప్పుడు వచ్చాడో, ఆమె వెనకే నిలబడి ఉన్నాడు. పిండి అంటిన చెయ్యి తలుపు రెక్క మీద ఉంది.

"చెప్పానుగా. మెట్ల పక్కన. సరిగ్గా మన వంటగదికి అవతల."

అతని మొహంలో రంగు పోయింది.

"ఇదాల్మిస్. నాలుగు కాదు."

"ఏంటి నాలుగు కాదు?"

"పట్టాలు. ఆరు."

ఆమెకి అర్థం కాలేదు. అర్థం కాకుండా ఉంటే బాగుండునని కూడా అనిపించింది.

"పిల్లలు పుట్టినప్పుడు నీళ్ళు చాలట్లేదని వంటగది మీద పెద్ద తొట్టి కట్టాను కదా. నువ్వప్పుడు మతాన్సాస్‌లో పని మీద ఉన్నావు. మన గోడ ఆపదనిపించింది. నాన్న మిగిల్చిన పట్టాలు రెండుంటే వాటిని కూడా దూర్చాను. నువ్వు చూస్తే తిడతావని కొసలు అవతలికి రానివ్వలేదు. గోడ మధ్యలోనే ఆపేశాను. తల ఎత్తుకి కొంచెం పైన. నీ కన్నాలు సరిగ్గా వాటి కిందే."

"తొట్టిలో నీళ్ళున్నాయా?"

"పొద్దున్నే వచ్చాయి. అంచు దాకా పట్టాను."

వంటగదిలో కవలలు చెంచాలతో కంచాలు వాయిస్తున్నారు. ఆ చప్పుడు వెనకే నెరెయిదా గొంతు వినబడింది. ఇందాకటి కోపం అందులో లేదు. విసుగు ఒక్కటే ఉంది.

"వదినా, ఈ తలుపుకి ఏమైందో చూడు. పై చట్రం దిగి పట్టేసింది, ఎంత లాగినా రావట్లేదు."